బీపీ ఉన్న గర్భిణికి వీడియోలో వైద్యం ఎంతవరకు సరిపోతుంది?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు):
మా చెల్లెలికి ఇప్పుడు 30వ వారం. ఐదో నెల దాటాక బీపీ 140/90 కంటే తగ్గకపోవడంతో డాక్టరుగారు లేబెటలాల్ మాత్రలు మొదలుపెట్టి, ఒక వారం ఆసుపత్రికి రావాలని, మరుసటి వారం వీడియోలో చూస్తానని చెప్పారు. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో నిండు మనిషిని కూర్చోబెట్టే బాధ తప్పినందుకు మాకు సంతోషమే గాని, పొట్ట మీద చెయ్యి వేసి చూడకుండా వైద్యమేమిటని మదనపల్లెలో మా అమ్మగారు కలవరపడుతున్నారు. దీన్ని నమ్మవచ్చా?

సమాధానం (ప్రసూతి వార్డు నర్సు):
నమ్మవచ్చునండి, అయితే వీడియోలో డాక్టరుగారికి ఆధారం మీరు ఇంట్లో రాసిపెట్టే అంకెలే. మణికట్టు మిషను కాకుండా, జబ్బకు చుట్టేది, ఆమె చేతి లావుకు తగిన పట్టీ ఉన్నది కొనండి. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా చూడాలి. మెట్లెక్కి వచ్చిన వెంటనే చూసిన బీపీని బట్టి మందు మోతాదు మార్చడం ప్రమాదం. మూత్రంలో ప్రోటీను, రక్తపరీక్షలు, బిడ్డ ఎదుగుదల స్కాను మాత్రం ఆసుపత్రిలోనే జరగాలి కాబట్టి ఆ వారాలను ఎట్టి పరిస్థితుల్లోనూ వీడియోకు మార్చుకోవద్దు.

బీపీ 160/110కి చేరినా, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి, రక్తస్రావం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా వీడియో సమయం కోసం ఎదురుచూడకండి. రాత్రి రెండు గంటలైనా సరే, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి, బండి లేకపోతే 108కి ఫోను చేయండి.

సమాధానం (వైట్‌ఫీల్డ్):
నాకు బీపీతోపాటు షుగరు కూడా ఉండేది. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలన్నారు. ఆ పట్టికను ముందురోజే పంపడం వల్ల, మాట్లాడే సమయమంతా నా సందేహాలకే మిగిలేది. 2020 నాటి టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మందుల చీటీ మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, చూసుకోండి. ఈసారి వీడియోలో మీ అమ్మగారిని కూడా కలపండి, ఆవిడ అడగదలచింది డాక్టరునే అడుగుతారు. పురుటికి మదనపల్లె తీసుకువెళ్లే ఆలోచన ఉంటే ఆ మాట ఇప్పుడే ఎత్తండి. నెలలు నిండకుండా కాన్పు చేయవలసి వస్తే పసిబిడ్డల ఐసీయూ ఉన్న ఆసుపత్రి దగ్గరలో ఉండాలి.