బఠాణీ లెక్క: ఎనిమిదా, నాలుగా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయి సెకండ్ పీయూసీ, అంటే మన ఇంటర్ సెకండియర్. రాత్రి పదకొండింటికి కరెంటు బిల్లు వెనకాల లెక్కలేస్తూ కూర్చుంది. బఠాణీ మొక్కలో మూడు లక్షణాలు: ఎత్తుకి పొడుగు-పొట్టి, గింజ రంగుకి పసుపు-ఆకుపచ్చ, ఆకారానికి గుండ్రం-గుండ్రం. గామీట్లు (బీజకణాలు) ఎన్ని రకాలు? తను ఎనిమిదంటోంది, ఆన్సర్ కీలో నాలుగుంది. నేను చదివింది కామర్స్. టెన్షన్ మాత్రం ఇద్దరికీ సమానమే!

జవాబు 1: కీ కరెక్టేనండీ. లక్షణాలు మూడు కదా అని రెండుని మూడుసార్లు గుణించేసి ఉంటుంది. గామీట్‌లోకి ఒక్కో జత నుంచి ఒక్కటే వెళ్తుంది, కాబట్టి జతలో తేడా ఉన్నచోటే రెండు దారులు. గుండ్రం-గుండ్రంలో ఏది తీసినా గుండ్రమే. అంటే 2×2×1. పొడుగు పసుపు, పొడుగు ఆకుపచ్చ, పొట్టి పసుపు, పొట్టి ఆకుపచ్చ. నాలుగింటికీ పక్కన గుండ్రం రాయమనండి.

జవాబు 2: నా ట్యూషన్‌లో సగంమంది ఒకే గామీట్‌లో పొడుగూ పొట్టీ రెండూ రాసేస్తారు. లక్షణానికి ఒక్కటే రావాలి. అన్నట్టు, ఈ లక్షణాలని నిర్ణయించే జీన్లు ఒకే క్రోమోజోమ్ (జీన్లని మోసే పోగు) మీద పక్కపక్కనే ఉంటే ఈ నాలుగు రకాలూ సమానంగా రావు. మనిషిలో 23 క్రోమోజోమ్ జతలకి ఇలాగే రెండుని 23 సార్లు గుణిస్తే 83,88,608 రకాల గామీట్లు!

ప్రశ్న అడిగినావిడ: చదివి వినిపించా. "మూడు జతల్లోనూ తేడా లేకపోతే ఒకటేనా?" అంటోంది.

జవాబు 1: ఒకటే. ఇక పడుకోమనండి.