కుక్కల జన్యుశాస్త్రాన్నే వృత్తిగా ఎంచుకోవచ్చా?

బీవీఎస్సీ విద్యార్థి:
నేను పశువైద్య డిగ్రీ (బీవీఎస్సీ) చదువుతున్నాను. మా తరగతిలో జన్యుశాస్త్రం అంటే ముర్రా గేదెలు, ఒంగోలు పశువులు, పాల దిగుబడి లెక్కలు. కుక్కల ప్రస్తావన దాదాపుగా రాదు. వాటి జన్యువులపైనే జీవితకాలం పనిచేసేవారు అసలు ఏం చేస్తారో తెలిసినవారు వివరించగలరా?

మచ్చల కుక్క యజమాని:
నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను గానీ, నాకూ ఈ విషయంతో సంబంధం ఉంది. మా డాల్మేషియన్‌కు నాలుగో ఏట మూత్రం బిగిసింది. అది కాలెత్తి నిలబడడం, చుక్క కూడా రాక మరో మొక్క దగ్గరికి వెళ్లి మళ్లీ నిలబడడం, తెల్లవారేదాకా ఇదే వరస. శస్త్రచికిత్సలో ఆవగింజలంతటి రాళ్లు గుప్పెడు వచ్చాయి. మేము ముద్దుగా పెడుతున్న మేక కార్జం ఆపెయ్యమని, ఈ జాతికి ఇది మామూలేనని డాక్టరుగారు చెప్పారు. ఎందుకు మామూలో మాత్రం నాకు అర్థం కాలేదు.

కాలిఫోర్నియాలో పరిశోధకురాలు:
యజమానిగారి ఆ 'ఎందుకు' నుంచే మా పని మొదలవుతుంది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పశువైద్యురాలు, జన్యుశాస్త్రవేత్త అయిన డానికా బనాష్ బృందం 2008లో దీనికి జవాబు ప్రచురించింది. శరీరంలో వ్యర్థంగా తయారయ్యే యూరిక్ ఆమ్లాన్ని కణాల్లోకి చేరవేసే ఎస్ఎల్‌సీ2ఏ9 అనే జన్యువులో ఒక్క అక్షరం మారడంతో, కాలేయంలో దాన్ని విరిచే ఎంజైము ఉన్నా ప్రయోజనం లేక, ఆ ఆమ్లం మూత్రంలోకి పోయి రాళ్లు కడుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చే ఈ జన్యువు ప్రతులు రెండూ లోపమున్నవైతేనే ఈ చిక్కు. శుద్ధ డాల్మేషియన్లన్నిటికీ రెండు ప్రతులూ లోపమున్నవే.

ఇక్కడే నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించిన సంగతి ఉంది. జన్యువు తెలియడానికి ఎన్నో ఏళ్ల ముందే, 1973లో, రాబర్ట్ షేబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒక డాల్మేషియన్‌ను పాయింటర్ అనే వేట జాతి కుక్కతో ఒకే ఒక్కసారి సంకరం చేసి, ఆపై ప్రతి తరంలోనూ యూరిక్ ఆమ్లం తక్కువగా ఉన్న పిల్లలనే ఎంచి తిరిగి డాల్మేషియన్లతోనే కలుపుతూ వచ్చారు. జాతి కుక్కలను నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1981లో ఆ సంతతిలోని రెండింటిని నమోదు చేసుకుని, జాతి సంఘం అభ్యంతరంతో తలుపు మూసి, 2011లో గానీ మళ్లీ తెరవలేదు. జన్యువును పట్టుకోవడం కంటే పెంపకందారులను ఒప్పించడమే కష్టమని నా అభిప్రాయం. ఈ వృత్తిలోకి వచ్చేవారు కుక్కల ప్రదర్శనల్లో కూర్చుని మనుషులతో మాట్లాడడమూ నేర్చుకోవాలి.

క్లినిక్ వైద్యుడు:
ప్రయోగశాల ఫలితం మా బల్ల మీదికి ఎలా వస్తుందో చెబుతాను. గజ్జి పట్టిన ఒక కోలీ (గొర్రెలు కాసే జాతి) సంకర కుక్కకు నేను ఐవర్‌మెక్టిన్ అనే మందు ఇస్తే, సాయంత్రానికి తూలిపడి, రెండు రోజులు స్పృహలో లేదు. మందును మెదడులోకి చేరనివ్వని ఎండీఆర్1 జన్యువు కోలీలలో దెబ్బతిని ఉంటుందని 2001లోనే తేలింది. నేను చదివి కూడా మరిచాను. కుక్క బతికింది. ఇప్పుడు సూది తీసే ముందు తల్లిదండ్రుల జాతి అడుగుతాను.

పశు జన్యుశాస్త్ర అధ్యాపకుడు:
మన దగ్గర దారి పశు జన్యుశాస్త్రం, ప్రజననంలో ఎంవీఎస్సీ అనే పశువైద్య పీజీతో మొదలవుతుంది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ 2020లో రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ అనే దేశీ కుక్క జాతులను నమోదు చేసింది కాబట్టి, విదేశీ జాతుల కోసమే ఎదురుచూడనక్కరలేదు.

బీవీఎస్సీ విద్యార్థి:
అందరికీ కృతజ్ఞతలు. యజమానిగారూ, మీ కుక్క వంశావళి పత్రం ఉందా?

మచ్చల కుక్క యజమాని:
ఉందండీ. మీరు అడిగాకే తీసి చూశాను. తల్లి వైపూ తండ్రి వైపూ తాత పేరు ఒకటే ఉంది.