బోటు ట్రైలర్‌కి ఏ బ్రేకు పెట్టించాలి? బ్రిస్బేన్‌లో ఉన్నవాళ్లు చెప్పండి

జువ్వలదిన్నె తమ్ముడు, బ్రిస్బేన్:

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర జువ్వలదిన్నె. ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలైంది. సముద్రం పక్కన పెరిగినవాణ్ణి, మోర్టన్ బే చూశాక మనసు ఆగలేదు. సెకండ్ హ్యాండ్‌లో 5.2 మీటర్ల ఫైబర్ బోటు ఒకటి చూశాను, 115 హార్స్‌పవర్ ఇంజను. ట్రైలర్‌తో కలిపి ఇస్తాడట. ట్రైలర్‌కి మాత్రం బ్రేకులు లేవు. "చిన్న బోటే కదా, అక్కర్లేదు" అంటున్నాడు. మా ఊళ్లో బోటుని ఇసుక మీద మనుషులో ట్రాక్టరో లాగుతారు, రోడ్డెక్కించే పని ఉండదు. అందుకని నాకు దీని గురించి ఏమీ తెలియదు. టెన్షన్‌గా ఉంది.

కొత్తపట్నం అన్న, బ్రిస్బేన్:

తమ్ముడూ, డబ్బు ఇచ్చేయలేదు కదా? ఇవ్వకపోతే ఆగు.

బోటు చిన్నదా పెద్దదా అని చట్టం చూడదు, బరువు చూస్తుంది. ఆస్ట్రేలియాలో 4.5 టన్నుల లోపు ట్రైలర్లకి వి.ఎస్.బి. 1 అనే నియమావళి ఉంది. అందులో రెండు మాటలు వస్తాయి. ఏ.టి.ఎం. అంటే ట్రైలర్‌ని కారు నుంచి విడదీసినప్పుడు లోడుతో సహా మొత్తం బరువు ఎంత దాకా ఉండొచ్చో ఆ హద్దు. జి.టి.ఎం. అంటే కారుకి తగిలించాక ట్రైలర్ చక్రాల మీద పడే బరువుకి హద్దు. కొంత బరువు కారు వెనక ఉండే గుండు మీదికి పోతుంది కాబట్టి రెండోది కాస్త తక్కువ. ఒకే ఇరుసు ఉన్న ట్రైలర్‌కి జి.టి.ఎం. 750 కిలోల దాకా బ్రేకు లేకున్నా పర్వాలేదు. 750 దాటితే కనీసం ఒక ఇరుసుకి రెండు చక్రాలకీ బ్రేకు ఉండి తీరాలి. 2,000 దాటితే అన్ని చక్రాలకీ ఉండాలి, వాటిని డ్రైవర్ సీట్లోంచే వేయగలగాలి. అంత బరువున్న ట్రైలర్ తెగి విడిపోతే బ్రేకు దానంతటదే పడి కనీసం 15 నిమిషాలు పట్టి ఉండాలి.

నీ బోటు లెక్క చూద్దాం. ఖాళీ బోటు 700 కిలోలు అనుకో. ఇంజను 170. వంద లీటర్ల పెట్రోలు 75 కిలోలు. ట్రైలర్ 350. లంగరు, బ్యాటరీ, ఐసు పెట్టె, లైఫ్ జాకెట్లు కలిపి వంద. 1,400కి కాస్త అటూ ఇటూ వచ్చింది. "అక్కర్లేదు" అన్న మాట ఎక్కడ నిలబడుతుంది? నీ కారు పుస్తకం కూడా చూడు. బ్రేకు ఉన్న ట్రైలర్‌ని ఎంత లాగొచ్చు, లేనిదాన్ని ఎంత లాగొచ్చు అని విడివిడిగా రాసి ఉంటుంది. రెండో అంకె చాలా తక్కువ ఉంటుంది.

ఈ లెక్క నాకెందుకు ఇంత బాగా గుర్తుందో చెప్తాను. నేను వచ్చిన రెండో ఏడు ఒక బోటు కొన్నాను. దాని ట్రైలర్‌కి బ్రేకులు ఉన్నాయి, కనీసం కంటికి కనిపించాయి. ఒక ఆదివారం వాన పడుతుండగా వాలులో దిగుతున్నాను. సిగ్నల్ ఎరుపైంది, బ్రేకు నొక్కాను. కారు ఆగుతోంది, వెనకనుంచి ట్రైలర్ తోస్తోంది. తెల్లగీత దాటి అర కారు దూరం ముందుకొచ్చి ఆగాం. నా భార్య, నాలుగేళ్ల పాప కార్లో ఉన్నారు. అడ్డంగా ఎవరూ రాలేదు కాబట్టి ఈ రోజు నీకు ఇది రాస్తున్నాను. తర్వాత విప్పి చూస్తే బ్రేకు కేబుల్ తుప్పు పట్టి గొట్టంలోనే అతుక్కుపోయి ఉంది. పైన మాత్రం కొత్త పెయింటు.

మా తాతకి ఒంగోలు ఎడ్లు ఉండేవి. నిండు బండితో చెరువు కట్ట దిగేటప్పుడు బరువంతా వెనకనుంచి తోసుకొచ్చి, కాడి మెడ మీదనుంచి కొమ్ముల దాకా జరిగేది. ఎడ్లు ఎంత బలమైనవైనా, వాటికి లాగడం వచ్చు గాని వెనకనుంచి తోసేదాన్ని ఆపడం రాదు. తాత దిగి చక్రానికి కట్టె అడ్డం పట్టుకుని నడిచేవాడు. నీ కారు కూడా ఆ ఎడ్ల లాంటిదే. ఆపే శక్తి బండి చక్రాల్లోనే ఉండాలి.

నీ ట్రైలర్ బరువుకి సరిపోయేది ఓవర్‌రైడ్ బ్రేకు. ఆ తోపునే ఇది పనికి వాడుకుంటుంది. కారు నెమ్మదించగానే ట్రైలర్ ముందుకొస్తుంది. కారుకి తగిలించే ముక్క, అంటే కప్లింగ్, లోపలికి జారి, కేబుల్‌నో హైడ్రాలిక్ సిలిండర్‌నో నెట్టి చక్రాలకి బ్రేకు వేస్తుంది. వైరింగ్ లేదు, కార్లో ఏమీ బిగించక్కర్లేదు. చట్టప్రకారం 2,000 కిలోల జి.టి.ఎం. దాకా ఇది చాలు. కేబుల్ రకం చవక, కానీ ఉప్పునీళ్లలో కేబుల్ ఏమవుతుందో పైన చెప్పాను. నా సలహా హైడ్రాలిక్ డిస్క్ బ్రేకు. కాలిపర్లు (డిస్కుని రెండు వైపులా నొక్కి ఆపే ముక్కలు) స్టెయిన్‌లెస్ అయితే ఖర్చు ఎక్కువే, అయినా పెట్టు.

కారవాన్లకి వేసే ఎలక్ట్రిక్ డ్రమ్ బ్రేకు వేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. రోడ్డు మీద అది మంచిదే. కానీ మనం ట్రైలర్‌ని రాంపులో, అంటే బోటు దించే వాలులో, నీళ్లలోకి దించుతాం. డ్రమ్ములో ఉప్పునీళ్లు నిలిచిపోతాయి, లోపలి అయస్కాంతం, వైర్లు పాడైపోతాయి. 2,000 దాటిన బోట్లకి కార్లో కంట్రోలర్ పెట్టి, ట్రైలర్ మీద పంపుతో హైడ్రాలిక్ డిస్కులు నడిపే పద్ధతి ఉంది. నీకు అది అక్కర్లేదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటే. ట్రైలర్ ముందు భాగంలో చిన్న ప్లేటు ఉంటుంది, ఏ.టి.ఎం. అంకె అక్కడ కొట్టి ఉంటుంది. దాని ఫొటో, చక్రం వెనక ఇరుసు ఫొటో పెట్టు. ప్లేటు మీద 750 అని ఉంటే ఆ బోటు వదిలేయ్. బ్రేకులు పెట్టించినంత మాత్రాన ఆ అంకె పెరగదు, దాన్ని మనంతట మనం మార్చకూడదు.

నెల్లూరు అక్క, డల్లాస్:

ఇది చదివి అమెరికాలో ఉన్నవాళ్లు ఇవే అంకెలు పట్టుకోకండి. ఇక్కడ రాష్ట్రానికో లెక్క. టెక్సాస్‌లో 4,500 పౌండ్లు దాటితే బ్రేకు, కాలిఫోర్నియాలో బోటు ట్రైలర్‌కి 3,000 పౌండ్ల దగ్గరే మొదలు.

జువ్వలదిన్నె తమ్ముడు:

అన్నా, ఫొటోలు పెట్టాను. ప్లేటు మీద ఏ.టి.ఎం. 1,550. ఇరుసుకి రెండు వైపులా నాలుగు రంధ్రాల ఇనప రేకు ఉంది, దానికి ఏమీ బిగించి లేదు.

కొత్తపట్నం అన్న:

చూశాను. ఆ రేకు కాలిపర్ బిగించే చోటు. ఈ ట్రైలర్‌కి ఒకప్పుడు బ్రేకులు ఉన్నాయి, తుప్పు పట్టాక ఎవరో విప్పి పారేశారు. 1,550 ప్లేటున్న ట్రైలర్‌ని బ్రేకు లేకుండా రోడ్డెక్కించడం నేరం, అందులో సందేహం లేదు. మన క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఏ.టి.ఎం. 750 కిలోల నుంచి 3.5 టన్నుల దాకా ఉన్న రిజిస్టర్డ్ ట్రైలర్ అమ్మేవాడే సేఫ్టీ సర్టిఫికెట్ ఇవ్వాలి. అది అడుగు. గొడవపడకు, మర్యాదగానే అడుగు. బ్రేకులు పెట్టించి సర్టిఫికెట్ తెస్తాడో, ధర తగ్గిస్తాడో తేలుతుంది.

ఒకవేళ నువ్వే చేయించాల్సి వస్తే ట్రైలర్ షాపులో చేయించు. ఇరుసు మంచిదైతే పని పెద్దది కాదు. చక్రాలు బిగించే హబ్బులు తీసి డిస్కు ఉన్న హబ్బులు వేస్తారు, బేరింగులు, సీళ్లు కొత్తవి పడతాయి. ముందు కప్లింగ్ మార్చి మాస్టర్ సిలిండర్ ఉన్నది బిగిస్తారు, పైపు లాగి, ఆయిల్ పోసి గాలి తీస్తారు. నువ్వు పక్కనే నిలబడు. జాక్ మీద ఉన్నప్పుడు చక్రం చేత్తో తిప్పితే పట్టేయకుండా తిరగాలి. కప్లింగ్ లోపలికి నొక్కి పట్టుకుంటే రెండు చక్రాలూ గట్టిగా ఆగాలి. ఒకటే ఆగితే పని అయిపోలేదని చెప్పు. మొదటి ట్రిప్పు నుంచి రాగానే చక్రాల నట్లు మళ్లీ బిగించు.

కప్లింగ్ మీద రివర్స్ లాక్ ఉంటుంది. వెనక్కి తోసేటప్పుడు కూడా ఆ ముక్క లోపలికి జారి బ్రేకు పడుతుంది కాబట్టి ఆ లాక్ వేయాలి. ముందుకి కదిలే ముందు అది తీసి ఉందో లేదో దిగి చూసుకో. లాక్ ఉండిపోతే బ్రేకులు లేనట్టే.

రాంపు చేరగానే ట్రైలర్‌ని నీళ్లలోకి దించకు. హబ్బులు వేడిగా ఉంటాయి. చల్లటి నీళ్లు తగలగానే లోపలి గాలి కుంచించుకుని, సీలు సందుల్లోంచి నీళ్లు బేరింగులోకి లాక్కుంటుంది. పది, పదిహేను నిమిషాలు ఆగు, లైట్ల ప్లగ్గు పీకు, అప్పుడు దించు. ఇంటికి రాగానే కాలిపర్లు మంచినీళ్లతో బాగా కడుగు. హ్యాండ్ బ్రేకు వేసి నెలల తరబడి వదిలేయకు, ప్యాడ్లు డిస్కుకి అతుక్కుంటాయి. చక్రాలకి చెక్కముక్కలు పెట్టు చాలు.

ఇంకొకటి, 4.5 కిలోవాట్లు దాటిన ఇంజనుకి ఇక్కడ బోటు లైసెన్సు కావాలి. మనకి సముద్రం తెలిసినా సరే.

జువ్వలదిన్నె తమ్ముడు, పన్నెండు రోజుల తర్వాత:

అన్నా, సర్టిఫికెట్ మాట ఎత్తగానే అతను ఒప్పుకున్నాడు. హైడ్రాలిక్ డిస్కులు తనే వేయించి సర్టిఫికెట్ చేతికిచ్చాడు. స్టెయిన్‌లెస్ కాలిపర్లకి తేడా డబ్బు నేను కట్టాను. మీరు చెప్పకపోయినా బరువు చూద్దామనిపించి, చీమకుర్తి లారీల్లా కాటా మీదికి తీసుకెళ్లాను. కారు నుంచి విడదీసి పెట్టాను. పెట్రోలు నిండుగా, సామాన్లతో 1,430. నాన్నకి వీడియో కాల్లో చూపిస్తే బోటు గురించి అడగలేదు, "బ్రేకు ఏదిరా" అన్నాడు. ఆదివారం మొదటిసారి దించాలనుకుంటున్నాను. ఒక్కణ్ణే ఉన్నాను, మీరు రాగలరా?

కొత్తపట్నం అన్న:

కాటా చీటీ ట్రైలర్ కాగితాలతో పాటు దాచు. ఆదివారం ఆరింటికల్లా వస్తాను. జాకు, గ్రీజు గన్ను నేను తెస్తా, నువ్వు చెక్కముక్కలు తీసుకురా.