ఉగ్రవాదిని తయారుచేసేది ఏమిటి? మా తమ్ముడికి ఏం చెప్పాలి?

లీలామహల్ కుర్రాడు, తిరుపతి:
నేను కొండ మీద ఒక షాపులో పని చేస్తాను. వారానికి ఆరు రోజులు అలిపిరి చెకింగ్ దాటి పోవాల్సిందే, బస్సు దిగడం, బ్యాగు మిషన్లో పెట్టడం, మళ్లీ ఎక్కడం, అంతా అలవాటైపోయింది. మొన్న మా తమ్ముడు (ఇంటర్ సెకండియర్) నాతో వస్తూ ఇదంతా ఎందుకన్నా అని అడిగాడు. 2003 అక్టోబర్ 1న, బ్రహ్మోత్సవాలకి కొండెక్కుతున్న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు కాన్వాయ్ మీద పీపుల్స్ వార్ నక్సలైట్లు ఇక్కడే క్లేమోర్ మైన్లు (మందుపాతరలు) పేల్చారని, ఆయన గాయాలతో బయటపడ్డారని చెప్పాను. వాడు పుట్టకముందు సంగతి కదా, నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత అడిగాడు, "పేదల కోసం అన్నవాళ్లూ బాంబే పెట్టారు, దేవుడి కోసం అన్నవాళ్లూ బాంబే పెడతారు, వీళ్లంతా ఒకటేనా? చదువుకున్నవాళ్లు కూడా ఎందుకు పోతారు?" నాకు జవాబు రాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి, తిట్టుకోకుండా.

సోషల్ మాస్టారు, చిత్తూరు:
బాబూ, ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను, ఈ ప్రశ్న పిల్లలు నన్నూ అడిగారు. తిండి లేక పోతారు అనే మాట మొదట పక్కన పెట్టు. 2019 ఈస్టర్ నాడు కొలంబో హోటళ్లలో పేల్చుకున్నవాళ్లలో ఇద్దరు అన్నదమ్ములు, మసాలా దినుసుల వ్యాపారంలో బాగా గడించిన ఇంటి పిల్లలు. 2001 సెప్టెంబర్ 11న మొదటి విమానాన్ని భవనంలోకి తోలిన మహమ్మద్ అట్టా హాంబర్గ్‌లో పట్టణ ప్రణాళిక చదివినవాడు. 1995లో టోక్యో సబ్‌వే రైళ్లలో సారిన్ విషం వదిలిన ఓం షిన్రిక్యో అనే మత బృందం మనుషుల్లో డాక్టరు ఉన్నాడు, ఫిజిక్స్ చదివినవాళ్లు ఉన్నారు.

అట్లాగని అన్యాయం లేదని కాదు. 1967 తర్వాత శ్రీకాకుళం గిరిజనులు తిరగబడింది భూమి పోయి, కూలి రాక, షావుకార్ల వడ్డీలకి నలిగి. ఆ బాధ నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అదే బాధ పడ్డ అంతమందిలో తుపాకీ పట్టింది కొందరే. నాకు అర్థమైనంతలో, అవమానం ఒక్కటే చాలదు. నీ అవమానానికి ఫలానావాళ్లు కారణం, వాళ్లని చంపితేనే తీరుతుంది అని చెప్పే మనిషొకడు దొరకాలి, ఆ మాట రోజూ కలిసి అనుకునే నలుగురు స్నేహితులు దొరకాలి. హాంబర్గ్‌లో జరిగింది అదే. పరాయి దేశంలో చదువుకుంటున్న కుర్రాళ్లు ఒక మసీదు దగ్గర కలిశారు, ఒకే ఫ్లాట్‌లో ఉన్నారు, ఒకరినొకరు ఎగదోసుకున్నారు. మొదట దొరికింది తోడు, సిద్ధాంతం మెల్లగా తలకెక్కింది.

నగరి అక్క:
మాస్టారు చెప్పింది మా ఇంట్లో కళ్లారా చూశాం. మాది సగం తమిళం సగం తెలుగు మాట్లాడే ఇల్లు. 1983 జూలైలో కొలంబోలో తమిళుల ఇళ్లు తగలబెట్టినప్పుడు మా అవ్వ రేడియో దగ్గర కూర్చుని ఏడ్చిందట. మా వీధిలో పులుల్ని, అంటే శ్రీలంకలో తమిళుల కోసమని తుపాకీ పట్టిన ఎల్టీటీఈ వాళ్లని, "పిల్లలు" అనేవాళ్లు, మన పిల్లలు పోరాడుతున్నారు అని. 1991 మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరులో, అది మాకు దూరమేమీ కాదు, పులులు పంపగా దండ పట్టుకుని వచ్చిన అమ్మాయి రాజీవ్ గాంధీ కాళ్లకి వంగి పేల్చుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు పదిమందికి పైగా పోయారు, అందులో పదేళ్ల పాప ఉంది. తర్వాత మా వీధిలో ఆ మాట ఎవరి నోటా వినలేదు.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇంకొకటి. పులులు చంపినవాళ్లలో ఎంతమంది తమిళులో చూడండి. 1975లో జాఫ్నా మేయర్ దురైయప్ప, 1989లో అమృతలింగం, 1999లో నీలన్ తిరుచెల్వం, అందరూ తమిళ నాయకులే. వేరే దారి చూపించగలిగిన తమిళుణ్ణి బతకనివ్వలేదు. ఇళ్లలోంచి చిన్నపిల్లల్ని లాక్కుపోయి తమ దళాల్లో చేర్చుకున్నారు. 2009లో ముల్లైతీవు తీరంలో శ్రీలంక సైన్యానికీ పులులకీ మధ్య ఇరుక్కుని చచ్చింది కూడా ఆ జనమే. 1983 అన్యాయం అబద్ధం కాదు, కానీ సంస్థ బతకడమే పనైపోయాక ఆ జనాన్నే వంటచెరుకు చేసుకున్నారు.

మంగళం వాసి, తిరుపతి:
అవమానం, స్నేహితులు, అంతా బాగానే ఉంది. మతం సంగతి ఎందుకు దాటేస్తున్నారు? 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్ పేలినప్పుడు మా పెదనాన్న కొడుకు కోఠిలోనే ఉన్నాడు. సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పండి.

సోషల్ మాస్టారు, చిత్తూరు:
అడగాల్సిందే. మతం నిజంగానే బలం ఇస్తుంది, చావుని బహుమతిలా చూపిస్తుంది, రాజీ అనే మాటని పాపం చేస్తుంది. డేవిడ్ రాపోపోర్ట్ అనే పండితుడు ఆధునిక ఉగ్రవాదాన్ని 1880ల నుంచి నాలుగు అలలుగా చూశాడు, అరాచకవాదులు, వలస వ్యతిరేకులు, కొత్త వామపక్షం, ఆఖరికి మతం. ఈ నాలుగోది 1979లో మొదలైందంటాడు, ఇరాన్ విప్లవం జరిగిన ఏడాది, సోవియట్ సైన్యం ఆఫ్ఘనిస్తాన్‌లో దిగిన ఏడాది. అంటే మతం రాకముందు కూడా ఈ పని జరిగింది. ఇప్పుడూ ఒక్క మతంతో ఆగలేదు. 2011లో నార్వేలో 77 మందిని, 2019లో న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపింది ముస్లింల మీద ద్వేషం నింపుకున్న తెల్లవాళ్లు.

మీ కోపం న్యాయమే. అది మీ పక్కింటి ముస్లిం మీదికి మళ్లకూడదు, ఎందుకంటే బాంబు పెట్టినవాడు కోరుకునేది అదే. 2015లో ఐసిస్ తన పత్రికలో దాచకుండా రాసుకుంది, ముస్లింలు మిగతావాళ్లతో కలిసి బతికే నడిమి చోటు అంటూ ఏదీ మిగలకూడదని.

చంద్రగిరి, ఇప్పుడు బెంగళూరు:
తమ్ముడి కోసం ఒకటి చెప్తాను. ఇంజినీరింగ్‌లో మా రూమ్మేటు ఏదో గ్రూపు వీడియోలకి అలవాటు పడ్డాడు. ఏ మతమో ఏ పార్టీయో చెప్పను. సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి, ఇంట్లో తిట్లు, మేమూ పట్టించుకోలేదు. అక్కడ మాత్రం తెల్లారి మూడింటికి మెసేజ్ పెట్టినా బదులిచ్చేవాళ్లు. నెల తిరక్కుండా మాతో తినడం మానేశాడు, ఏం మాట్లాడినా "మనం, వాళ్లు" తప్ప వేరే మాట లేదు. మేం వాదించినన్ని రోజులూ మొండికేశాడు. మా సీనియర్ ఒకాయన వాదన మానేసి రోజూ సాయంత్రం వాడిని టీకి తీసుకుపోయేవాడు, ఆ సబ్జెక్టులు దగ్గర కూర్చోబెట్టి చెప్పాడు. ఏడాది పట్టింది. వాడు ఇప్పుడు బాగున్నాడు, కానీ ఆ ఏడాది మేం పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

లీలామహల్ కుర్రాడు, తిరుపతి:
అందరికీ దండాలు. తమ్ముడికి మొత్తం చదివి వినిపించాను, పదేళ్ల పాప దగ్గర ఆగిపోయాడు. మాస్టారూ, వాడిది ఇంకో ప్రశ్న, ఇవి అసలు ఎలా ఆగిపోతాయి అని.

సోషల్ మాస్టారు, చిత్తూరు:
1968 నుంచి 2006 దాకా నడిచిన 648 ఉగ్రవాద గ్రూపుల్ని ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ పరిశీలించింది. ముగిసిపోయిన వాటిలో 43 శాతం రాజకీయాల్లోకి వచ్చి ముగిశాయి, 40 శాతం పోలీసుల, నిఘా సంస్థల వల్ల. సైన్యం దెబ్బకి పోయినవి 7 శాతమే. మన దగ్గరా 2004 అక్టోబర్‌లో ప్రభుత్వం, మావోయిస్టులు హైదరాబాద్‌లో ఎదురెదురుగా కూర్చున్నారు. ఆ నాలుగు రోజులూ నేను తెల్లవారకముందే బస్టాండు దాకా నడిచిపోయి పేపర్ కట్ట విప్పేదాకా నిలబడేవాణ్ణి. జనవరికల్లా అంతా చెడిపోయింది. ఆ ఆశ ఎట్లా ఉండిందో మీ తమ్ముడికి ఎదురుగా కూర్చుని చెప్పాలని ఉంది, ఒక ఆదివారం తీసుకురా.