చిన్నతనం చూపించాక మైకేల్ మయర్స్ అంటే భయం తగ్గిందా?

సెకండ్‌షో:
1978 'హాలోవీన్', 2007లో రాబ్ జాంబీ తీసిన రీమేక్ వరసగా చూశాను. పాతదాంట్లో ఆరేళ్ల పిల్లాడు మైకేల్ మయర్స్ అక్కని కత్తితో పొడిచేస్తాడు. ఎందుకో డైరెక్టర్ జాన్ కార్పెంటర్ చెప్పడు. ఏళ్ల తరబడి వైద్యం చేసిన డాక్టర్ లూమిస్‌కి కూడా వాడి కళ్ల వెనక చెడు తప్ప ఇంకేమీ కనపడదు. పెద్దయి మాస్కు వేసుకుని చంపుతూ తిరిగే వాడి పాత్ర పేరు టైటిల్స్‌లో 'ద షేప్' అనే పడుతుంది, అంటే వట్టి ఆకారం. రీమేక్‌లో వాడికి పదేళ్లు. అమ్మతో ఉండేవాడి తిట్లు, బడిలో వేధింపులు, వాడు చంపిన జంతువులు, అన్నీ వివరంగా ఉన్నాయి. పిల్లాడి మీద జాలేసింది. పెద్దయి గోడలు బద్దలుకొట్టుకుంటూ వస్తే మాత్రం భయం వేయలేదు. మీకూ ఇంతేనా?

పాత_క్యాసెట్:
నాకు రీమేక్ మొదటి సగమే నచ్చింది. ఆసుపత్రిలో వాడు మాస్కులు చేసుకుంటూ, చూడ్డానికొచ్చిన తల్లితో మాటలు తగ్గించేస్తాడు చూడండి, అక్కడ గుండె బరువెక్కింది. కానీ ఒప్పుకుంటా, అది భయం కాదు.

గడియ_చప్పుడు:
2020 'ది ఇన్విజిబుల్ మ్యాన్' చూడండి. 1933 సినిమాలో క్లాడ్ రెయిన్స్ పాత్రకి, తనని కనిపించకుండా చేసిన మందు వల్లే మతి చెడుతుంది. కొత్తదాని డైరెక్టర్ లీ వానెల్ ఆ సాకు తీసేశాడు. ఇందులో గ్రిఫిన్ మాయం కాకముందే క్రూరుడు, మనిషిని కనిపించకుండా చేసే కెమెరాల సూటు తర్వాత తొడుక్కున్నాడు. వాడి చిన్నతనం జోలికే పోలేదు. వాడు చేసిందంతా వాడితో ఉండే సిసీలియా ఒంట్లో కనిపిస్తుంది. మొదటి సీన్లో వాడికి మత్తుమందిచ్చి, అర్ధరాత్రి అడుగులో అడుగు వేసుకుంటూ ఇల్లు దాటుతుంది. కుక్క తగిలి కారు అలారం మోగుతుంది.

అలాంటి ఇంట్లో నేను నాలుగేళ్లు ఉన్నాను. గడియని బొటనవేలితో పైకి నొక్కిపెట్టి తీస్తే చప్పుడు రాదు, నాకు తెలుసు. బయటపడ్డాక కూడా ఎన్నో రాత్రులు ఖాళీ కుర్చీ వంక చూస్తూ కూర్చున్నాను. సినిమాలో కెమెరా కూడా ఊరికే ఖాళీ మూలల వైపు తిరుగుతుంది. అక్కడ ఎవరూ ఉండరు. చెబితే ఎవరూ నమ్మరన్నది ఆమెకి అసలు భయం. నాకూ అదే.

సెకండ్‌షో:
రాత్రి చూశానండీ. ఆమె వంటింట్లోంచి వెళ్లిపోయినా కెమెరా అక్కడే ఆగిపోయింది. స్టవ్ మంట దానంతటదే పెరిగింది. నేను లేచి హాల్లో లైటు వేసి వచ్చి, మిగతాది చూశాను.