పరీక్షల టెన్షన్‌కి పీరియడ్స్ ఆగుతాయా? పిల్లలకు ఏం చెప్పాలి?

సాయంకాలం: మా అమ్మాయికి పద్నాలుగు. పరీక్షల గొడవ మొదలయ్యాక పీరియడ్ రాలేదు, యాభై రోజులు దాటింది. ఊరికే ఏడుపు, చిరాకు. వాళ్లన్నయ్యకి పదహారు. వాడూ ఏదో దిగులుగా ఉన్నాడు, అడిగితే "ఏం లేదు" అంటాడు. ఇదంతా ఒత్తిడేనా? ఈ సంగతులు ఇద్దరికీ కలిపి చెప్పాలా, విడివిడిగానా?

పాత నోట్‌బుక్: ఒత్తిడేనండీ, కంగారు పడకండి. నాకు చదువుకున్నన్నాళ్లూ ఇదే తంతు. పీరియడ్ రావాల్సిన వారంలో పరీక్ష ఉంటే చాలు, ఆగిపోయేది.

ఉప్పెన: దయచేసి అన్నిటికీ ఒత్తిడి అని పేరు పెట్టకండి. నన్నూ ఇలాగే "టెన్షన్ తగ్గించుకో అమ్మా" అని ఏళ్ల తరబడి తిప్పారు. చివరికి రక్తపరీక్ష చేస్తే థైరాయిడ్ అని తేలింది. ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

జీవశాస్త్రం మేడమ్: ఈ పాఠం పై తరగతులకు చెబుతూనే ఉన్నాను కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను. ఒత్తిడిలో కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగితే మెదడులో హైపోథాలమస్ అనే భాగం నుంచి దాని కింద ఉండే పిట్యూటరీ గ్రంథికి వెళ్లే సంకేతం మందగిస్తుంది. దాంతో అండం విడుదల ఆలస్యమవుతుంది. విడుదలయ్యాక మాత్రం రెండు వారాలు అటూ ఇటూగా పీరియడ్ వచ్చేస్తుంది. ఆ రెండో సగం పెద్దగా సాగదు. అంటే రావాల్సిన వారంలో పడ్డ టెన్షన్ దాన్ని ఆపలేదు. అసలు కారణం అంతకు రెండు మూడు వారాల ముందుది.

పాత నోట్‌బుక్: అంటే నేను అబద్ధం చెబుతున్నానా మేడమ్? నా ఒంటి సంగతి నాకు తెలియదా?

జీవశాస్త్రం మేడమ్: ఆలస్యమైంది నిజమే, కాదనలేదు. పరీక్ష రోజు కంటే దానికి ముందు నిద్ర మానేసి చదివిన వారాలే మీకు దెబ్బ కొట్టాయి అంటున్నాను.

పాత నోట్‌బుక్: బోర్డు మీద బొమ్మ గీసినంత తేలిక కాదు లెండి అనుభవించడం.

ఉప్పెన: మీ ఇద్దరి వాదనలో ఆ పిల్ల సంగతి పోయింది. మొదలైన రెండు మూడేళ్లు 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. తరచూ 45 దాటుతున్నా, ఒక్కసారైనా 90 దాటినా డాక్టర్‌కి చూపించాలి. ఉన్నట్టుండి బరువు తగ్గినా, తిండి మానేసినా అంతదాకా కూడా ఆగొద్దు. సాయంకాలం గారూ, తేదీలు రాసిపెట్టండి. డాక్టర్ మొదట అడిగేది అదే.

రాత్రి బండి: ఎప్పటిలాగే అబ్బాయిని అందరూ వదిలేశారు. నా టీనేజీలో నిద్రలో వీర్యం పోతే ఒంట్లో బలమంతా పోతోందని వణికిపోయాను. ఆ భయంతో నిద్రపట్టేది కాదు, చదువు తలకెక్కేది కాదు. ఆ వయసులో అది మామూలేనని, బలం ఏమీ తగ్గదని ఒక్కరు చెప్పి ఉంటే చాలు! పెళ్లయ్యాక అదే బెరుకు పడగ్గదిలోకీ వచ్చింది. భయపడితే అడ్రినలిన్ అనే హార్మోన్ రక్తనాళాలను బిగిస్తుంది, అంగస్తంభనకు ఒళ్లు స్థిమితంగా ఉండాలి, అందుకే భయం ఉన్నచోట అది కుదరదు అని డాక్టర్ విడమరిచి చెప్పారు. మందు రాయలేదు. ఆ మాటతోనే సగం భారం దిగింది.

గట్టి మాట: పిల్లల గురించి అడిగితే పడగ్గది కబుర్లా? ఇవన్నీ చెబితే లేని ఆసక్తి పుట్టదూ?

జీవశాస్త్రం మేడమ్: పుట్టదు. లైంగిక విద్య మీద యునెస్కో 2018లో సవరించిన మార్గదర్శకాలు చదవండి. వయసుకు తగ్గట్టు ఐదేళ్ల నుంచే మొదలుపెట్టాలంటాయి. చెప్పినంత మాత్రాన పిల్లలు తొందరపడటం లేదని పరిశోధనల్లో తేలిందనీ అందులోనే ఉంది.

గట్టి మాట: ఐదేళ్లకా!

జీవశాస్త్రం మేడమ్: ఐదేళ్లకు చెప్పేది ఒంటి భాగాల పేర్లు, ఎవరైనా ముట్టుకుంటే నచ్చకపోతే పెద్దవాళ్లకు చెప్పాలని. ఇందులో అభ్యంతరం ఏముంది?

పాత నోట్‌బుక్: మా టీచర్ ఆ పాఠం పేజీలు రెండు వేళ్లతో కలిపి తిప్పేసి "ఇంట్లో చదువుకోండి" అన్నారు. ఇంట్లో ఎవరిని అడుగుతాం?

చిన్నక్క: కౌన్సెలింగ్‌లో నా దగ్గరికొచ్చే పిల్లలు హార్మోన్ల గురించి అడగరు. "వద్దంటే వదిలేసి పోతాడేమో", "ఫోన్ పాస్‌వర్డ్ ఇవ్వకపోతే ప్రేమ లేదంటోంది", ఇవీ వాళ్ల బాధలు. మెదడులో ఆవేశాన్ని అదుపు చేసే ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవైల మధ్యదాకా పడుతుంది. నిద్రలేక, మార్కుల భయంతో ఉన్న పిల్ల అర్ధరాత్రి మెసేజ్‌కి సరే అనేస్తుంది. అదే పిల్ల పొద్దున నిదానంగా ఆలోచిస్తే అనదు. "ఇప్పుడు కాదు, రేపు చెబుతాను" అనే వాక్యం పైకి అనిపించి అలవాటు చేయిస్తాను. అది నోటికొచ్చిన పిల్లలు ధైర్యంగా మాట్లాడతారు.

గట్టి మాట: పాస్‌వర్డ్ సంగతి మా ఇంట్లోనూ నడుస్తోంది. ఎలా ఆపాలి? వేరే చర్చ పెట్టమంటారా?

సాయంకాలం: తేదీలు రాయడం మొదలుపెట్టాం. అబ్బాయి సంగతే తేలలేదు.

రాత్రి బండి: ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేయకండి. పక్కన నడుస్తూనో బండి మీద వెళ్తూనో, వాడిని ఏమీ అడగకుండా "ఈ వయసులో రాత్రిపూట ఇలా అవుతుంది, జబ్బు కాదు" అని మీరే చెప్పేసి వేరే మాటలోకి వెళ్లిపోండి. మొదటిసారి వాడు నోరు విప్పకపోవచ్చు. వారం ఆగి మళ్లీ అనండి.