కలివి కోడి లంకమలలోనే ఎందుకు?

బద్వేలు పిల్లోడు: పక్కనే నల్లమల అంత పెద్ద అడవి ఉంది కదా, మరి కలివి కోడి అనే ఆ అరుదైన పిట్ట కడప దగ్గర మా లంకమల కొండల కంపచెట్లలోనే ఎందుకు కనపడింది? దట్టమైన అడవి ఇంకా సేఫ్ కాదా అన్నా?

సీమరాయి: కాదు తమ్ముడూ. అది నేల మీద పరుగెత్తే పిట్ట, తిరిగేది రాత్రిపూట. పురుగులు ఏరుకోడానికి పొదల మధ్య ఖాళీ నేల కావాలి, పగలు నక్కడానికి ముళ్లపొదలూ కావాలి, అందుకే పొదలు మరీ ఒత్తుగా పెరిగినా, కట్టెలకని కొట్టేసి బోడి చేసినా దానికి పనికిరాదు. 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిందనే అనుకున్నారు, 1986లో మన రెడ్డిపల్లి దగ్గర దొరికింది.

సిద్ధవటం: ఎర్రచందనమూ అంతే. రాళ్లగుట్టల్లో బాగా పెరుగుతుంది, ఎండలకు ఆకు రాల్చి నీళ్లు ఆదా చేసుకుంటుంది. నీళ్లు నిలిచే నేలలో వేస్తే వేరు కుళ్లి చస్తుంది, తోట పెట్టాలనుకునేవాళ్లు ఇది చూసుకోండి.

కర్నూలోడు: మా రోళ్లపాడు గడ్డి బీళ్లదీ ఇదే గొడవ బ్రో. అక్కడి బట్టమేక పిట్ట (గడ్డి నేలల్లో బతికే పెద్ద పిట్ట) నేల మీదే, మామూలుగా ఒకే గుడ్డు పెడుతుంది, శత్రువు వస్తే దూరం నుంచే కనపడాలి. బంజరు కదా అని చెట్లు నాటితే దానికి మేలు కాదు, కీడే. ఇది చెప్తే ఎవడూ నమ్మడు.